వంతు, మడవ, ధారణ : గణకయంత్రమున కార్యక్రమ నిర్వహణమునకు తెలుగు పరిభాష

ఒక శాస్త్రము ఒక భాషలోనికి వచ్చునపుడు వస్తువులకంటె ముందుగా పేర్లు వచ్చును. పేరు కుదిరినచో చదువరికి సగము బోధ అయినట్లే. కుదరనిచో ఆ పేరే అడ్డుగోడయై నిలుచును. ఆ పిమ్మట ఎంత వివరణ వ్రాసినను అది గోడకు వేసిన సున్నము వంటిదే యగును. గణకయంత్రములలో ఏకకాలమున పెక్కు పనులు సాగుచున్నట్లు కనబడుటకు కారణమైన ఏర్పాటును వివరించు మాటలు మన భాషలో నింకను స్థిరపడలేదు. ఆ మాటలను ఒక్కొక్కటిగా తూచి చూచుట ఈ వ్యాసమున నుద్దేశింపబడినది. ఇది యంత్రశాస్త్ర గ్రంథము గాదు, పదములపై విమర్శ. కాని వస్తువెరుగక పదమును విమర్శించుట అర్థమెరుగక పద్యమును మెచ్చుట వంటిది గావున, యంత్రము నడుచు తీరును గూడ వలసినంత మేరకు చెప్పక తప్పదు.

ఈ పరిశీలనకు మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతమును ఆధారముగా గైకొనుటకు రెండు కారణములు గలవు. మొదటిది, ఈ శాస్త్రము అచ్చటి గ్రామసీమలోనికి చాల ముందుగా ప్రవేశించినది. కుప్పమున 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము వెలసినది. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ కుప్పమును తన ‘ఐ కమ్యూనిటీ’ ప్రయత్నమునకు ఎన్నుకొని సమాచార కేంద్రములు నెలకొల్పినది. యంత్రము వచ్చినది, దానిని గూర్చి మాటలాడుటకు తెలుగు మాత్రము వెంట రాలేదు. రెండవది, ఈ ప్రాంతమున చెరువు నీటిని వంతులవారీగా పంచుకొను వ్యవసాయమునకు పుట్టిన పదజాలము మిక్కిలి నిశితమైనది. తూము, కాలువ, మడవ, ఆయకట్టు, నీరుగంటి, వంతు అను మాటలు ఒకే కొరతవస్తువును పలువురు పంచుకొనవలసిన స్థితినుండి పుట్టినవి. గణకయంత్రములోని స్థితియు సరిగా నదియే. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షమున ప్రకటించిన మాండలిక వృత్తి పదకోశపు వ్యవసాయ సంపుటము, వృత్తిలో నున్నవాని నోటిమాటకు శాస్త్రగౌరవము గలదని స్థాపించినది. ఆ మార్గమునే ఇచ్చట అనుసరింతుము.

ముందుగా విషయము. గణకయంత్రమున ఆజ్ఞలను నడిపించు అంగము ప్రాసెసర్. ఒక ప్రాసెసర్ అంతరంగమున ఒకానొక క్షణమున ఒక్క ఆజ్ఞాపరంపర మాత్రమే నడచునని సౌలభ్యమునకై అనుకొందము. నడువగోరు కార్యములు మాత్రము పదులు, వందలు. ఒకడు ఉత్తరము వ్రాయుచుండును; అదే యంత్రమున పాట వినబడుచుండును; వేరొక మూల లెక్క ఏదియో సాగుచుండును. వీనిలో దేనికి ఎప్పుడు ప్రాసెసర్ దక్కవలెనో, దక్కినదానిని ఎప్పుడు తొలగించవలెనో నిర్ణయించు భాగము ఆపరేటింగ్ సిస్టమ్ నడుమ నుండు కెర్నల్. ప్రాసెసర్ అతివేగముగ ఒకదానినుండి వేరొకదానికి మరలుటచే అన్నియు ఒక్కసారిగ నడచుచున్నట్లు తోచును. మన వ్యాకరణ పరిభాషలో చెప్పవలెనన్న, చూచువానికి అది శత్రర్థకము: ‘వ్రాయుచు, వినుచు, లెక్కించుచు.’ ప్రాసెసర్‌కు అది క్త్వార్థకము: ‘కొంత వ్రాసి, ఆపి, కొంత వినిపించి, ఆపి, కొంత లెక్కించి.’ చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున వేరుపరచిన ఈ రెండు రూపముల భేదమే ఈ శాస్త్రమునకు తొలిపాఠము కాదగును. క్త్వార్థకమును శత్రర్థకముగ భ్రమింపజేయు విద్యయే కాలవిభజనము. 1961లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కార్బాతో బృందము ఇట్టి వ్యవస్థను నడిపి చూపినది. ఒక్క యంత్రము ముందు పలువురు కూర్చుండి, ఎవరికి వారే అది తమదని భావింపగలిగిన స్థితికి అది నాంది.

ఇక మాటలు. మొదటిది ‘ప్రాసెస్.’ దీనికి ‘ప్రక్రియ’ యను మాట సులువుగా స్ఫురించును. సాహిత్య విద్యార్థికి ఇచ్చట ఒక చిక్కు గలదు. మనకు ప్రక్రియ యనగా కథ, నవల, నాటకము అను రచనాభేదము. కాని ఈ చిక్కు పెద్దది కాదు. సందర్భమే అర్థమును తేల్చును. తెలుపవలసిన అసలు భేదము వేరు: ప్రోగ్రాము వేరు, ప్రాసెస్ వేరు. ప్రోగ్రాము బీరువాలోని భారతము; ప్రాసెస్ సభలో సాగుచున్న భారతపఠనము. ఒకే గ్రంథమును రెండు ఊళ్లలో ఇద్దరు చదువుచున్నచో గ్రంథ మొకటియే, పఠనములు రెండు. ఒకడు ఆదిపర్వమున నుండవచ్చును, వేరొకడు విరాటపర్వమున. ఈ భేదమును స్ఫురింపజేయునంతవరకు ప్రక్రియ యను పేరు చెల్లును.

రెండవది ‘కెర్నల్.’ దీనిని బీజమనుట కొందరికి రుచింపవచ్చును, కేంద్రకమనుట మరికొందరికి. బీజము మొలకెత్తుటకై యుండునది. కెర్నల్ నుండి ఏదియు మొలకెత్తదు. కేంద్రకము పరమాణువును తలపించును; దానితో ఒక జంట తెగిపోవును. యూనిక్స్ సంప్రదాయమున లోపలి భాగమునకు గింజయనియు, మనుష్యుని ఆజ్ఞలను అందుకొను పైభాగమునకు పెంకు అనియు అర్థమిచ్చు పేర్లు పెట్టబడినవి. ఒకటి లేక రెండవదానికి సొగసు లేదు. చెనక్కాయ పండించు సీమలో తొక్క, గింజ యనిన చాలును. కెర్నల్ అను మాట వాడుకలో స్థిరపడి యున్నది గనుక దానిని అట్లే యుంచి, వివరించునపుడు గింజ యనుట ఉత్తమము.

మూడవది కీలకమైనది: ‘షెడ్యూలింగ్.’ షెడ్యూలు అను మాట తెలుగువారికి క్రొత్తది కాదు. అనుబంధపు జాబితా అనియు, ముందుగా నిర్ణయించిన కాలపట్టిక అనియు మనకు దాని అర్థములు. ఈ రెండర్థములును ఇచ్చట దారి తప్పించును. రైళ్ల రాకపోకలవలె కెర్నల్ వద్ద ముందే అచ్చువేసిన పట్టిక యుండదు. ఎవడు నిదురలేచునో, ఎవడు డిస్కునుండి రావలసిన సమాచారమునకై వేచి కూర్చుండునో ముందుగా తెలియదు. సిద్ధముగ నున్నవారిలో ఇప్పుడు ఎవనికి అను ప్రశ్న ప్రతి మలుపునను మరల పుట్టును. కావున కాలపట్టిక, సమయసారణి అను అనువాదములు నిఘంటువున అందముగ నుండి తరగతిలో అపార్థమును కలిగించును.

ఇచ్చట చెరువుకట్ట మాట యొకటి మనకు చేయూత నిచ్చును. అది వంతు. వంతునకు తెలుగున రెండర్థములు గలవు. ‘నా వంతు వచ్చినది’ అన్నపుడు అది వరుస. ‘నా వంతు ఎంత?’ అన్నపుడు అది భాగము. ఈ ద్వ్యర్థత లోపమని తోచవచ్చును. కాని గత రెండు దశాబ్దుల కెర్నల్ చరిత్రను చూచినచో ఆ రెండర్థముల నడుమనే శాస్త్రమంతయు నడచినదని తెలియును.

లినక్స్ కెర్నల్‌లో 2007లో ఇంగో మోల్నార్ ప్రవేశపెట్టిన విధానము భాగమునుండి వరుసను రాబట్టినది. ప్రతి ప్రక్రియ ఎంతకాలము ప్రాసెసర్‌ను అనుభవించినదో దాని బరువును బట్టి లెక్కగట్టి, అందరికంటె తక్కువ అనుభవించినదానికి తరువాతి వంతు ఇచ్చుట ఆ విధానము. ఈ బరువును మార్చుటకు ‘నైస్’ అను ఒక సంఖ్య గలదు. అది -20 నుండి 19 వరకు ఉండును. సంఖ్య పెరిగినకొలది ఆ ప్రక్రియ ఇతరులకు ఎక్కువగ దారి ఇచ్చును, అనగా దాని వంతు తగ్గును. ఈ సంఖ్యకు ‘ఒద్దిక’ యను తెలుగు మాట ఎంతయు నొప్పును. ఒద్దిక 0 అయిన బరువు 1024. ఒద్దిక 5 అయిన బరువు 335. ఈ రెండే పోటీపడినచో మొదటిదానికి నూటికి సుమారు 75 పాళ్లు, రెండవదానికి 25 పాళ్లు ప్రాసెసర్ కాలము దక్కును. రెండవది ఒక మిల్లీసెకను నడచినచో దాని ఖాతాలో సుమారు మూడు మిల్లీసెకనులు పడును; అందుచే అది తొందరగ వరుసలో వెనుకకు పోవును. భాగము తేలినది, వరుస దానంతట తేలినది.

కాని భాగము న్యాయముగ నున్నంత మాత్రమున వరుస న్యాయముగ నుండదు. రోజు మొత్తముమీద ఇద్దరు రైతులకు సమముగ నీరు పారవచ్చును. ఐనను నారుమడి కలవానికి కొద్దికొద్దిగ, తరచుగ కావలెను. పెద్దచెరకుతోట కలవానికి ఆలస్యముగ వచ్చినను ఒక్కసారిగ కావలెను. యంత్రమునందు మీట నొక్కగానే అక్షరము కనబడవలసిన కార్యము నారుమడి వంటిది. గంటలకొలది సాగు లెక్క చెరకుతోట వంటిది. 2023లో వెలువడిన లినక్స్ 6.6లో పీటర్ జిల్‌స్ట్రా పూనికతో వచ్చిన మార్పు ఈ భేదమును గుర్తించినది. 1995లో అయాన్ స్టోయికా, హుస్సేన్ అబ్దెల్ వాహబ్ అనువారు ప్రతిపాదించిన సిద్ధాంతము దానికి మూలము. అందు మొదట భాగము ననుసరించి, రావలసినది రానివారినే అర్హులుగ నెన్నుదురు. అర్హులలో ఎవరి గడువు ముందో వారికి వరుస ఇత్తురు. చిన్న చిన్న తునకలుగ కాలమును కోరువాని గడువు ముందుగా వచ్చును. అతని మొత్తము భాగము మాత్రము పెరుగదు. భాగమునకొక లెక్క, వరుసకొక లెక్క. వంతు యొక్క రెండర్థములను విడదీసి, ఒకదానికొకటి లోబడునట్లు మరల కలుపుటయే ఇచ్చట జరిగినది. ఇంత భావమును తనయందు మోయు మాట ఆంగ్లమున లేదు. మనకు ఊరి తూము దగ్గర గలదు.

నాలుగవ మాటయైన ‘ప్రీఎంప్షన్’ అన్నిటికంటె కష్టమైనది. నడుచుచున్న ప్రక్రియను, అది తానుగ ముగింపకున్నను, నడుమ నిలిపి ప్రాసెసర్‌ను వేరొకదానికి ఇచ్చుట దీని అర్థము. ఈ లాటిన్ ధాతువు ‘ఇతరులకంటె ముందుగా కొనుట’ అనునది. ధాతువును పట్టుకొని పూర్వక్రయము, పూర్వగ్రహణము అని కట్టినచో, విద్యార్థి దేనికి పూర్వమని అడుగును; దానికి సమాధానము లేదు. జరుగునది పూర్వము కాదు, మధ్యము. బలాద్గ్రహణ మన్నచో దోపిడి స్ఫురించును. కాని ఇందు దోపిడి లేదు. నిలిపివేయబడిన ప్రక్రియ తాను చేసినదేదియు కోల్పోదు. ఏ ఆజ్ఞ వద్ద నిలిచినదో ఆ ఆజ్ఞనుండియే మరల సాగును. అంతరాయమన్నచో వేరొక తప్పు. అంతరాయమను పేరునకు తగినది యంత్రపు గడియారమునుండియో, మీటనుండియో వచ్చు సంకేతము. ఆ సంకేతము వచ్చినను కెర్నల్ పాత ప్రక్రియనే కొనసాగింపవచ్చును. గంట మ్రోగుట వేరు, నీరు మళ్లుట వేరు.

నీరుగంటి ఏమి చేయును? ఒక పొలమునకు పారుచున్న నీటిని మడవ కట్టి వేరొక పొలమునకు తిప్పును. పారిన నీరు మొదటి మడిలోనే యుండును. మిగిలిన తడి మరుసటి వంతులో సాగును. దీనిని మడవ తిప్పుట యందురు. ప్రీఎంప్షన్‌కు ‘వంతు తిప్పుట’ అనియు, ప్రక్రియ తానుగ తొలగుటకు ‘వంతు విడుచుట’ అనియు ఏర్పరచుకొన్నచో భేదము క్రియలోనే తేటపడును. విడుచుటకు కర్త ప్రక్రియ. తిప్పుటకు కర్త కెర్నల్. తిరుగు, తిప్పు అను జంటలో అకర్మక సకర్మక భేదము పిల్లవానికిని తెలిసినదే. కృత్రిమ సమాసము నాలుగు వాక్యములలో చెప్పవలసినదానిని ఈ క్రియ ఒక్కమాటలో చెప్పుచున్నది.

ఇచ్చట తెలుగువారికి సహజముగ తోచు వేరొక పోలికను పరిశీలింపవలసి యున్నది. అది అష్టావధానము. అవధాని గణకయంత్రము వంటివాడని సభలలో మెచ్చుకొనుట పరిపాటియైనది. ఈ మెప్పు ఎంతవరకు నిజము? నిషిద్ధాక్షరి, సమస్య, దత్తపది, వర్ణన మొదలగువానికి ఆవృత్తికి ఒక్కొక్క పాదము చొప్పున చెప్పుచు పోవుట కాలవిభజనమే. నడుమ విడిచిన ప్రతి పద్యమును తప్పక తిరిగి అందుకొనుట కెర్నల్ చేయు పనియే. ఒక ప్రక్రియను నిలుపునపుడు అది ఏ ఆజ్ఞవద్ద నున్నదో, దాని చేతిలోని అంకెలేవో అన్నియు భద్రపరచి, మరల నడుపునపుడు వానిని యథాతథముగ నిలుపవలెను. ఆంగ్లమున దీనికి వాడు మాటను సందర్భమని అనువదించుట సులభము. కాని సందర్భము చుట్టునున్నది, ఇది లోపలనున్నది. అవధాన విద్యలోని ధారణ యను మాట దీనికి సరిగా అతుకును. ధారణ మార్పు అనుట సందర్భ మార్పిడి యనుటకంటె నిజమునకు దగ్గర.

ఐనను పోలిక ఒకచోట విరుగును. అవధాని పాదము ముగిసినచోట తానే నిలుచును. పాదము నడుమ ఎవ్వరును అతనిని వేరొక పద్యమునకు మళ్లింపరు. అనగా అవధానము వంతు విడుచు పద్ధతి. వంతు తిప్పు పద్ధతి కాదు. అప్రస్తుత ప్రసంగి నడుమ మాట కలుపును గాని అతడు అంతరాయము మాత్రమే. బదులు చెప్పి అవధాని తన పాదమునకే వచ్చును. గంటల మ్రోతలను అవధాని లెక్కించును; గంటకు లోబడడు. సభలో విడుచు పద్ధతి చాలును, ఏలయన అవధాని ఒక్కడు, పద్యములన్నియు అతనివే, దురాశకు తావులేదు. యంత్రమున ప్రక్రియలు పెక్కురు వ్రాసినవి. ఒకటి చెడినదైనను కావచ్చును. విండోస్ 3.1 లోను, 2001కి ముందటి మెకింతోష్ వ్యవస్థలోను ప్రోగ్రాములు తామై వంతు విడుచునని నమ్మిరి. ఒక్కటి విడువనిచో యంత్రమంతయు స్తంభించెడిది. తిరుపతి వేంకట కవులను గణకయంత్రముతో పోల్చువారు ఈ భేదమును గుర్తింపరేని, అది అవధానమునకును గౌరవము గాదు, యంత్రమునకును సత్యము గాదు.

మరి నీరుగంటి పోలిక లోపరహితమా? కాదు. నీరుగంటి గట్టుమీద నిలిచి అందరిని చూచుచుండును. కెర్నల్ అట్లు చూడజాలదు. ప్రాసెసర్ ఒక్కటియే గనుక ఒక ప్రక్రియ నడుచునంతసేపు కెర్నల్ నడువదు, అది నిదురించుచున్నట్లే. దానిని మేలుకొలుపునది గడియారపు సంకేతము. గిన్నె అడుగున చిల్లితో నీటిపై తేలు గడియకుడక 24 నిమిషములకు మునిగి కాలమును తెలిపెడిది. లినక్స్‌లో సెకనుకు 250 సార్లు మ్రోగునట్లు ఏర్పరచినచో 4 మిల్లీసెకనుల కొకసారి కుడక మునుగును. అధికారము కెర్నల్‌ది, మెలకువ గడియారముది. పాలకుడు సర్వదా మేల్కొని యుండునను భావమును ఏ పరిభాషయు కల్పింపరాదు. ఒక యంత్రమున పెక్కు ప్రాసెసర్లు ఉన్న నేటి స్థితిలోను ఇదే నియమము. కాలువలు పెక్కైనవి, ఒక కాలువపై రద్దీని మరొకదానికి సర్దుట అదనపు పని యైనది.

తిప్పరాని చోట్లును గలవు. తూము పలుకను చేతబట్టి సగమెత్తిన నీరుగంటిని నడుమ పిలువరాదు. కెర్నల్ తన సొంతలెక్కలను మార్చుచుండు ఘట్టములు అట్టివి. అట్టి చోట్లను తగ్గించి కెర్నల్‌ను గూడ నడుమ నిలుపగలుగునట్లు చేయుటకు దశాబ్దులు పట్టినది. కాలనియమము మిక్కిలి కఠినముగ నుండవలసిన పనులకైన ఏర్పాటు 2024లో లినక్స్ 6.12తో ప్రధాన శాఖలో చేరినది. తిప్పుటలోని ప్రమాదమునకు 1997లో అంగారకునిపై దిగిన పాత్‌ఫైండర్ నౌక ప్రసిద్ధోదాహరణము. అందు తక్కువ ప్రాధాన్యము గల వాతావరణ కార్యమొకటి ఉమ్మడి వస్తువును పట్టుకొని యుండగా, నడితరగతి కార్యములు దాని వంతును తిప్పివేసినవి. ఆ వస్తువునకై ఎదురుచూచుచున్న అత్యంత ముఖ్యకార్యము ఆగిపోయి, యంత్రము మాటిమాటికి తన్నుతాను పునఃప్రారంభించుకొన్నది. ఊరి మాటలో చెప్పవలెనన్న, ఉన్న ఒక్క పార చివరి రైతు చేతిలో నున్నది. పెద్దరైతు పారకై నిలిచి యున్నాడు. నడిమివారు చివరివానిని మడిలోనికి దిగనీయరు. పార కలవానికి పెద్దరైతు ప్రాధాన్యమును తాత్కాలికముగ అప్పగించుటయే పరిష్కారము. భూమినుండి శాస్త్రజ్ఞులు చేసిన సవరణయు నదియే. చివరి మడికి ఎన్నటికిని నీరందకపోవుటను ఈ శాస్త్రము ఆకలిచావుతో పోల్చి పేరు పెట్టినది. ‘కడమడి యెండుట’ అనుట మనకు చాలును.

ఇట్టి మాటలు శాస్త్రమునకు మోటుగ నుండునని ఒక ఆక్షేపణ. గింజ, పెంకు అను మాటలు ఆంగ్లమున మోటుగ తోచలేదు. మనకే ఏల తోచవలెను? ఆంగ్లపదములే చాలునని రెండవ ఆక్షేపణ. పేర్లవరకు చాలవచ్చును. కాని వంతు ఎవరిది, తిప్పినదెవరు, మిగిలిన తడి ఎప్పుడు అను ఆలోచన క్రియలతో సాగును; క్రియలు అరువు తెచ్చుకొన్న భాషలో ఆలోచన నత్తనడక నడచును. మూడవ ఆక్షేపణ బలమైనది: బోరుబావుల వెనుక నీరుగంటి వృత్తియే సన్నగిల్లినది గదా, ఆ మాటలు నేటి విద్యార్థికి తెలియునా? ఇది నిజమే. ఐతే ఈ పని మరింత త్వరితముగ జరుగవలెననుటకు ఇదియే కారణము. వృత్తితో పాటు పదము పోవును. పదమునకు క్రొత్త వృత్తి దొరకినచో నిలుచును.

కుప్పమున తెలుగు, తమిళము, కన్నడము ఒకే వీథిలో వినబడును. తమిళులు ముఱై యనుదురు, కన్నడిగులు సరది యనుదురు, మనము వంతు అందుము. మూడు భాషలవారును చెరువును పంచుకొనుటకు కల్పించుకొన్న మాటలివి. ద్రావిడభాషల అధ్యయనమునకు వెలసిన విద్యాపీఠము ఆ ఊరనే యున్నది. ఆ చుట్టుప్రక్కల ఆయకట్టులలో మిగిలిన వృద్ధుల నోట నీటి పంపకపు పదములను సేకరించి, గణకశాస్త్ర బోధకుల ముందు ఉంచి, ఒక్కొక్క మాటను యంత్రపు నడకతో సరిచూచినచో, ఒక చిన్న పదకోశము సిద్ధమగును. వంతు, వంతు విడుచుట, వంతు తిప్పుట, ధారణ, ఒద్దిక, కడమడి యను నీ ఆరును ఆ పదకోశమునకు మొదటి పుటగా విద్వాంసుల పరీక్షకు సమర్పింపబడుచున్నవి. వీనిలో యంత్రమునకు సరిపడనివానిని త్రోసివేయవచ్చును. కాని త్రోసివేయుటకు ముందు ఒక మడవ దగ్గర నిలిచి చూడవలెను.